ఆర్కిడ్ మీద పురుగును ఎక్కడ కూర్చోబెట్టాలి?

1867 అక్టోబరులో లండన్‌లోని ఒక సైన్సు పత్రికలో ఓ బొమ్మ అచ్చయింది. మడగాస్కర్ అడవి, అందులో తెల్లని ఆర్కిడ్ పూలు, వాటి ముందు గాల్లో ఎగురుతూ చాలా పొడవాటి తొండం చాచిన ఒక మాత్, అంటే ఎక్కువగా రాత్రిపూట తిరిగే, సీతాకోకచిలుక లాంటి పురుగు. పువ్వు నిజమైనదే. మాత్‌ను మాత్రం అప్పటికి ఏ శాస్త్రవేత్తా చూడలేదు, ఏ మ్యూజియంలోనూ దాని నమూనా లేదు. పువ్వు కొలతలు చూసి, ఇలాంటి పురుగు ఒకటి ఉండి తీరాలని లెక్కగట్టి గీసిన బొమ్మ అది. గీసినవాడు థామస్ విలియం వుడ్. గీయించిన వ్యాసం ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్‌ది.

అడవి ఆర్కిడ్‌నీ దాని దగ్గరికి వచ్చే పురుగునీ కలిపి గీసిన బొమ్మలు వందల ఏళ్లుగా వస్తున్నాయి. చాలావాటిని అందం కోసం చూసి పక్కన పెట్టేస్తాం. కానీ ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టిన క్షణం నుంచి చిత్రకారుడు ఒక మాట అంటున్నట్టే లెక్క: ఈ పువ్వుకు ఈ పురుగు, ఇక్కడ తాకితే, ఇలా పని జరుగుతుంది అని. ఆ మాట నిజమో కాదో పువ్వు రంగులో తేలదు, రెక్కల నునుపులో తేలదు. పురుగు ఒళ్లు పువ్వును తాకే ఆ కొద్ది మిల్లీమీటర్ల చోట తేలుతుంది.

పువ్వు లోపల ఏముంది

మందారం లాంటి పూలలో పుప్పొడి పొడిగా ఉంటుంది. పురుగు ఎటు నుంచి వచ్చినా కాస్త అంటుకుంటుంది, ఎక్కడో అక్కడ రాలుతుంది. ఆర్కిడ్‌లో అలా కుదరదు. కేసరం, కీలం కలిసిపోయి నడుమ ఒకే ఒక స్తంభంగా ఉంటాయి. దాని కొసన టోపీ లాంటి మూత కింద పుప్పొడంతా ముద్దలుగా కట్టి ఉంటుంది, చాలా జాతుల్లో రెండు ముద్దలు. ప్రతి ముద్దకూ ఒక సన్నని కాడ, కాడ చివర జిగురు బిళ్ళ. ఆ బిళ్ళ పురుగుకు అంటుకుంటే మొత్తం సరుకు ఒక్కసారే పోతుంది. అంటుకోకపోతే ఒక్క రేణువు కూడా కదలదు. స్తంభానికే ముందువైపు, ముద్దలకు కాస్త దిగువన తడితడిగా ఒక గుంట కనిపిస్తుంది. అదే కీలాగ్రం. వేరే పువ్వు నుంచి వచ్చిన ముద్ద సరిగ్గా ఆ గుంటలో పడాలి.

అంటే పురుగు ఒంటి మీద ముద్ద ఎక్కడ అంటుకుందో, తరువాతి పువ్వులో అదే భాగం కీలాగ్రానికి తగలాలి. ఆ భాగం ఒక జాతిలో తొండం మొదలు కావచ్చు, ఇంకో జాతిలో తల, మరో జాతిలో పొట్ట కొస. చిత్రకారుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఇందులో కాలం కూడా ఉంది. యూరప్‌లో దొరికే ఆర్కిస్ మాస్కులా పువ్వులోకి డార్విన్ చెక్కిన పెన్సిల్ మొన దూర్చి తీశాడు. ముద్దలు పెన్సిల్‌కు అంటుకుని నిటారుగా నిలబడ్డాయి. అర నిమిషం గడిచేసరికి కాడలు వంగి, ముద్దలు ముందుకు వాలిపోయాయి, దాదాపు 90 డిగ్రీలు. నిటారుగా ఉన్నప్పుడు ఆ ముద్దలు మరో పువ్వు కీలాగ్రానికి తగలవు. వాలాకే తగులుతాయి. ఈలోగా పురుగు ఆ మొక్క వదిలి వేరే మొక్కకు చేరే వీలుంటుంది కాబట్టి సొంత పుప్పొడి సొంత పూలకే పడడం తగ్గుతుంది. బొమ్మలో పురుగు ఇప్పుడే పువ్వు నుంచి బయటికి వస్తుంటే ముద్దలు నిటారుగా ఉండాలి. కొత్త పువ్వు మీదికి దిగుతుంటే ముందుకు వాలి ఉండాలి. చూసేవాళ్లలో నూటికి తొంభై మందికి ఈ తేడా కనిపించకపోవచ్చు. అయినా బొమ్మ నిజం చెప్తోందా లేదా అన్నది అక్కడే ఉంది.

కనిపించని మాత్‌కు కొలతలు

మడగాస్కర్ ఆర్కిడ్ పేరు ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్. 1862 జనవరిలో జేమ్స్ బేట్‌మన్ పంపిన పూలలో డార్విన్ దాన్ని చూశాడు. పువ్వు వెనక నుంచి కొరడాలా వేలాడే ఆకుపచ్చ గొట్టం ఒకటి ఉంది, పొడవు పదకొండున్నర అంగుళాలు, అంటే 29 సెంటీమీటర్లు. మకరందం ఉన్నది మాత్రం అడుగున ఒకటిన్నర అంగుళం మేర. దీన్ని పీల్చే పురుగు ఎలాంటిదై ఉంటుందా అని స్నేహితుడు హుకర్‌కు ఆశ్చర్యంగా రాశాడు. అదే ఏడాది వచ్చిన తన ఆర్కిడ్ల పుస్తకంలో, 10 నుంచి 11 అంగుళాల దాకా తొండం చాచగల మాత్‌లు మడగాస్కర్‌లో ఉండి తీరాలని రాశాడు.

ఈ కథ అందరూ చెప్తారు. చిత్రకారుడికి పనికొచ్చే భాగం మాత్రం దీని తరువాత ఉంది. డార్విన్ ముందు ఆ గొట్టంలోకి కుంచె వెంట్రుకలూ సూదులూ దూర్చి చూశాడు. పుప్పొడి ముద్దలు రాలేదు. అప్పుడు ఆయనకు తట్టింది: తొండం మొదట్లో లావుగా ఉంటుంది, అడుగున ఉన్న చివరి చుక్క కోసం మాత్ ఆ లావు భాగాన్ని కూడా లోపలికి అదమాలి. అంగుళంలో పదో వంతు, అంటే రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీ తీసుకుని స్తంభం కింది చీలికలోంచి గట్టిగా నెట్టి, మెల్లగా వెనక్కి లాగాడు. ఈసారి జిగురు బిళ్ళలు అంటుకుని ముద్దలు ఊడివచ్చాయి. లోపలికి పోయేటప్పుడు కాదు, బయటికి వచ్చేటప్పుడు.

గొట్టం అంత పొడుగ్గా ఎందుకుందో ఈ ప్రయోగం చెప్తుంది. తొండం కన్నా గొట్టం పొట్టిదైతే మాత్ దూరంగా ఎగురుతూనే తాగేసి పోతుంది, మొహం పువ్వుకు ఆనదు, ముద్దలు అంటుకోవు. గొట్టం కాస్త పొడుగైతేనే మొహం అదమక తప్పదు. అందుకే ఈ జంటను గీసేటప్పుడు పువ్వుకీ మాత్ తలకీ మధ్య ఖాళీ వదిలితే అది రాక మాత్రమే అవుతుంది, పరాగ సంపర్కం కాదు. వుడ్ బొమ్మను పోలిన తరువాతి బొమ్మలు చాలావాటిలో మాత్ జానెడు దూరంలో గాల్లో నిలబడి తొండం చాచి ఉంటుంది. చూడ్డానికి అదే బాగుంటుంది, తొండం పొడవంతా కనిపిస్తుంది కదా. కానీ అసలు పని జరిగే క్షణంలో తొండం కనిపించకూడదు. అదంతా గొట్టం లోపలే ఉంటుంది. ఈ చిక్కును తప్పించుకోవడానికి మంచి దారి, ఒకే కాగితం మీద రెండు దశలు చూపడం: పైన తొండం విప్పుకుని వస్తున్న మాత్, పక్కన మొహం ఆన్చి తాగుతున్న మాత్, దాని గొట్టాన్ని నిలువుగా చీల్చి చూపిన బొమ్మ.

వాలెస్ ఊరికే ఊహించలేదు. బ్రిటిష్ మ్యూజియంలోని హాక్ మాత్‌ల తొండాలు కొలిచాడు. దక్షిణ అమెరికాకు చెందిన ఒకదానికి తొమ్మిదింబావు అంగుళాలు, ఆఫ్రికాలోని జాంథోపాన్ మోర్గానీకి ఏడున్నర. ఇంకో రెండు మూడు అంగుళాలు పొడవున్నది ఉండడం అసాధ్యమేమీ కాదనీ, ఖగోళ శాస్త్రజ్ఞులు నెప్ట్యూన్ గ్రహాన్ని వెతికినంత నమ్మకంతో దాన్ని వెతకొచ్చనీ రాశాడు. 1903లో వాల్టర్ రోత్‌షైల్డ్, కార్ల్ జోర్డన్ మడగాస్కర్ మాత్‌ను వర్ణించి జాంథోపాన్ మోర్గానీ ప్రెడిక్టా అని పేరు పెట్టారు. ఆఫ్రికా మాత్‌కు అది ఉపజాతి అని చాలాకాలం అనుకున్నారు. 2021లో వేరే జాతిగా గుర్తించారు. ఆ సందర్భంలో కొలిచిన ఒక నమూనా తొండం 28.5 సెంటీమీటర్లు ఉంది.

పువ్వూ మాత్ ఒకదాన్ని చూసి ఒకటి పొడవు పెంచుకుంటూ పోయాయని డార్విన్, వాలెస్ వివరణ. జర్మన్ శాస్త్రవేత్త వాసర్‌తాల్ దీన్ని ఒప్పుకోలేదు. పూలలో పొంచి ఉండే సాలెపురుగుల్లాంటి వేటగాళ్లకు దూరంగా ఉండడానికే మాత్ తొండాలు ముందు పొడుగయ్యాయని, ఆర్కిడ్లు ఆ తరువాత ఆ తొండాలకు తగ్గట్టు మారాయని ఆయన వాదన. ఈ వాదన ఇంకా తెగలేదు. బొమ్మకు మాత్రం రెండింటితోనూ ఇబ్బంది లేదు, మొహం ఆనాల్సిందే.

అందం ఉంది, జంట లేదు

అమెరికన్ చిత్రకారుడు మార్టిన్ జాన్సన్ హీడ్ 1871లో గీసిన తైలవర్ణ చిత్రం ఒకటి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. చెక్క పలక మీద వేసింది, సుమారు 35 × 46 సెంటీమీటర్లు. ఎడమ పక్క పెద్ద గులాబీ రంగు కాట్లేయా ఆర్కిడ్, కుడి పక్క గూడు చుట్టూ మూడు హమ్మింగ్ పక్షులు, వెనక మంచు కమ్మిన అడవి. హీడ్ 1863-64లో బ్రెజిల్ వెళ్లి హమ్మింగ్ పక్షుల్ని దగ్గర నుంచి చూసి గీసినవాడు. ఈ చిత్రంలోని తేమ గాలిని చూస్తే అది తెలుస్తుంది. ఆర్కిడ్‌ను కుండీలోంచీ పూలగుత్తిలోంచీ తీసి దాని అడవిలోనే పెట్టి చూపడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అయితే దీన్ని ఆర్కిడ్, దాని పరాగ వాహకం బొమ్మగా చెప్పడం తప్పు. కాట్లేయా లేబియేటా పువ్వు పని హమ్మింగ్ పక్షులతో జరగదు. వెడల్పాటి పెదవి (ఆర్కిడ్‌లో మిగతావాటికి భిన్నంగా ఉండే ముందు రేకు), దాని మీద పసుపు గుర్తులు, లోపలికి ఇరుకైన దారి, ఇవన్నీ బలంగా తోసుకుని దూరే పెద్ద తేనెటీగల కోసం. పైగా ఆ మూడింటిలో ఒకటైన ఎర్రతోక సాఫో కామెట్ పక్షి బొలీవియా, అర్జెంటీనా ఆండీస్ కొండలది, ఈ ఆర్కిడ్ ఈశాన్య బ్రెజిల్‌ది. హీడ్ వాటిని పక్కపక్కన పెట్టాడే గానీ పక్షి ముక్కును పువ్వులో పెట్టలేదు. కాబట్టి ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ బొమ్మను పాఠ్యాంశాల్లో పరాగ సంపర్కానికి ఉదాహరణగా వాడేవాళ్లే పొరబడుతున్నారు.

హమ్మింగ్ పక్షులతో పని జరుపుకునే ఆర్కిడ్లు నిజంగానే ఉన్నాయి. మధ్య, దక్షిణ అమెరికాల్లోని ఎలియాంథస్ లాంటివి. వాటి పూలు చిన్నవి, గొట్టంలా ఉంటాయి, రంగు ముదురు. వాటిలో చాలావాటి పుప్పొడి ముద్దలు పసుపు కాదు, బూడిద రంగు లేదా నలుపు. ముక్కు మీద పచ్చగా మెరిసే ముద్ద ఉంటే పక్షి దాన్ని తుడిచేసుకుంటుందని ఒక వివరణ ఉంది. అందుచేత పక్షి ముక్కు కొసన పసుపు చుక్కలు పెట్టే ముందు ఏ జాతి అని చూసుకోవాలి.

తలా, తోకా

అసలు కష్టం ఓఫ్రిస్ ఆర్కిడ్లతో వస్తుంది. మధ్యధరా తీరమంతా, యూరప్ చాలాచోట్ల పెరిగే ఈ పూల పెదవి తేనెటీగ ఒంటిలా నూగుతో, మెరిసే మచ్చతో ఉంటుంది. మకరందం ఉండదు. మగ పురుగు దాన్ని ఆడ పురుగు అనుకుని వచ్చి జతకట్టబోతుంది. ఆ ప్రయత్నంలో ముద్దలు అంటుకుంటాయి. అల్జీరియాలో న్యాయమూర్తిగా పనిచేసిన పుయాన్ ఈ సంగతిని గమనించి, కొరెవోన్‌తో కలిసి 1916లో ప్రచురించాడు. ఓఫ్రిస్ స్పెక్యులం మీదికి ఒక జాతి కందిరీగ మగవే వస్తాయని ఆయన చూశాడు. ఆస్ట్రేలియాలో ఎడిత్ కోల్‌మన్ 1927లో క్రిప్టోస్టైలిస్ ఆర్కిడ్ మీద ఇలాంటిదే రాశారు. అక్కడ లిస్సోపింప్లా కందిరీగ మగది వెనక నుంచి పువ్వులోకి జరుగుతుంది, ముద్దలు పొట్ట కొసకు అంటుకుంటాయి.

ఓఫ్రిస్‌లో జాతిని బట్టి దిశ మారుతుంది. ఓఫ్రిస్ స్ఫెగోడెస్ మీద మగ తేనెటీగ తల స్తంభం వైపు పెట్టి వాలుతుంది, ముద్దలు తలకు అంటుతాయి. ఓఫ్రిస్ ఫుస్కా, ఓఫ్రిస్ లూటియా బృందంలో పెదవి మీది నూగు వాలు వేరు, అందుకే మగది తల కిందికి పెట్టి కూర్చుంటుంది, ముద్దలు పొట్ట కొసకు అంటుతాయి. ఈ రెండిట్లో తారుమారు చేస్తే ఎంత నైపుణ్యంతో వేసినా బొమ్మ పనికిరాదు. తరచూ జరిగే పొరపాటు కూడా ఇదే: చిత్రకారుడు ఒక జాతి ఫొటోలోంచి పువ్వు తీసుకుంటాడు, ఇంకో జాతి ఫొటోలోంచి పురుగు తీసుకుంటాడు.

బ్రిటన్‌లో అందరికీ ఇష్టమైన ఓఫ్రిస్ ఆపిఫెరా సంగతి ఇంకా వేరు. చూడ్డానికి తేనెటీగ పోలిక బాగా ఉన్నది ఇదే, కార్డుల మీద తేనెటీగతో కలిపి వేసేదీ దీన్నే. కానీ అక్కడ ఇది చాలావరకు సొంతంగానే పని కానిచ్చుకుంటుంది. మొగ్గ విచ్చుకున్న కొంతసేపటికే ముద్దల కాడలు సాగి ముందుకు వంగుతాయి, ముద్దలు కీలాగ్రం ఎదుట వేలాడతాయి, గాలి కదిలిస్తే వెళ్లి తగులుతాయి. లెన్స్‌తో చూస్తే స్తంభం కింద రెండు పసుపు చుక్కలు సన్నని దారాలకు వేలాడుతూ కనిపిస్తాయి. ఇంగ్లండ్ పచ్చికలోని ఆపిఫెరాను గీసేవారు తేనెటీగను మానేసి ఆ రెండు చుక్కల్ని సరిగ్గా వేస్తే చాలు.

మరో సంగతి, పోలిక మన కంటికి. తేనెటీగకు మనంత స్పష్టంగా వివరాలు కనబడవు, ఎరుపు కనబడదు, అతినీలలోహితం కనబడుతుంది. దూరం నుంచి మగదాన్ని రప్పించేది వాసన. 1999లో షీస్టల్, ఆయన సహచరులు స్ఫెగోడెస్ పువ్వు, ఆండ్రెనా నైగ్రోఏనియా ఆడ తేనెటీగ ఒకే రకం హైడ్రోకార్బన్లతో మగవాటిని పిలుస్తాయని చూపారు. వాసనను గీయలేం. అందుకని చాలామంది పెదవిని ఇంకాస్త తేనెటీగలా మార్చి ఆ లోటు పూడుస్తారు, కళ్లు కూడా పెడతారు. ఉన్నదాన్ని ఉన్నట్టు వేసి, ఒక పక్కన నూగు వాలును పది రెట్లు పెద్దది చేసి చూపడం మేలు. పురుగు దగ్గరికొచ్చాక ఎటు తిరిగి కూర్చోవాలో చెప్పేది ఆ నూగే.

కాగితం మీదికి

పువ్వును కోయకండి. ఆర్కిడ్ కుటుంబమంతా అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉంది. అదలా ఉంచినా, కోసిన పువ్వు వాడితే పెదవి కోణం మారిపోతుంది. మొక్క ఉన్నచోటే ముందు నుంచి, పక్క నుంచి, కింద నుంచి మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఫొటోలు తీసుకోవాలి. పెదవి వెడల్పు, స్తంభం పొడవు, గొట్టం మూతి వెడల్పు డివైడర్‌తో కొలవాలి. వంపు తిరిగిన గొట్టానికి దారం పెట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరచాలి. చీల్చి చూడడానికి నర్సరీలో పెంచిన మొక్క పువ్వు చాలు: కొత్త బ్లేడుతో నిలువుగా నడిమికి కోసి, పది రెట్ల లెన్స్‌తో మూత, ముద్దలు, జిగురు బిళ్ళ, కీలాగ్రం ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో రాసుకోవాలి. కోసే ముందు అదే పువ్వులో పుల్ల మొన పెట్టి తీసి ముద్దలు ఎలా వస్తాయో, ఎంతసేపటికి వంగుతాయో చూడండి. పువ్వు కాడ మీది గాడులను కూడా గమనించండి. చాలా జాతుల్లో అది 180 డిగ్రీలు మెలిదిరిగి పెదవిని కిందికి తెస్తుంది. ఆ మెలిక లేకుండా నున్నగా వేసిన కాడ తప్పు.

పురుగు విషయంలో మ్యూజియం నమూనాను నమ్మడం ప్రమాదం. సూది గుచ్చి పెట్టిన మాత్‌కు రెక్కలు ఆరబెట్టినట్టు చదునుగా చాపి ఉంటాయి, ముందు రెక్కల వెనక అంచు ఒంటికి అడ్డంగా ఉంటుంది. ఎగిరే మాత్ అలా ఉండదు. రంగులూ గీతలూ నమూనా నుంచి, భంగిమ వీడియో నుంచి తీసుకోవాలి. ఆరు కాళ్లూ ఛాతీ నుంచే మొదలవ్వాలి.

కొలత దగ్గర ఆంగ్రేకమ్ చాలామందిని ఇబ్బంది పెడుతుంది. పువ్వు 15 సెంటీమీటర్ల పైనే, గొట్టం 30 దాకా, మాత్ రెక్కలు చాస్తే 13కు అటూఇటూ. ఎ3 కాగితం పొడవు 42 సెంటీమీటర్లు, అసలు సైజులో పట్టదు. అప్పుడు గొట్టాన్ని కాగితం లోపలికి వంచేస్తారు, లేదా పొట్టి చేస్తారు. ఎ2 తీసుకోండి, లేకపోతే మొత్తం బొమ్మను సగానికి తగ్గించి స్కేలు గీత వేయండి. పువ్వును ఒక కొలతలో, మాత్‌ను ఇంకో కొలతలో వేస్తే తొండం లెక్క మొత్తం తప్పుతుంది.

తెల్ల పువ్వును తెల్ల కాగితం మీద వేయడానికి 300 జీఎస్ఎం హాట్ ప్రెస్ కాగితం మంచిది, నునుపు ఉంటుంది, నీటికి తొందరగా ముడుచుకోదు. నీడకు నల్ల రంగు కలపకూడదు, మురికిగా వస్తుంది. అల్ట్రామరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన పల్చని బూడిద రంగును మూడు నాలుగు పొరలుగా, ప్రతి పొరా పూర్తిగా ఆరాక వేయాలి. రేకు మధ్యను కాగితం తెలుపే వదిలేయాలి. గొట్టానికి, రేకుల కొసలకు కాస్త ఆకుపచ్చ. రాత్రి నేపథ్యం కావాలంటే పువ్వు అంచుల్ని మాస్కింగ్ ద్రవంతో కాపాడి ముందు నేపథ్యం వేయండి. ముదురు రంగు మీద పల్చని తెలుపు పూస్తే నీలి బూడిదగా మారుతుంది, ఎన్ని పొరలు వేసినా మైనపు మెరుపు రాదు.

సామర్లకోట బొమ్మలు

మన నేలకు ఇందులో సొంత వాటా ఉంది. వృక్ష శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ, భారతీయ చిత్రకారులతో కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు వందల కొద్దీ గీయించాడు. వాటిలోంచి ఎంచిన 300 పలకలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కలకు తెలుగు పేర్లూ నమోదు చేశాడు. మామిడి కొమ్మల మీద పెరిగే వాండా టెస్సెలేటా, ముదురు గళ్ల రేకులూ ఊదా రంగు పెదవీ ఉన్న మన ఆర్కిడ్, శాస్త్రానికి పరిచయమైంది ఆ మొదటి సంపుటంలోనే. మొక్క, పువ్వు, విడదీసిన భాగాలు ఆ పలకల పద్ధతి. పురుగుకు అందులో చోటు లేదు.

వాండాను మళ్లీ గీయాలనుకునేవారికి పని అక్కడ మొదలవుతుంది. చెట్టు మీద పెరిగేవన్నీ చెట్టును పీల్చేస్తాయని అనుకుంటారు గానీ వాండా వేర్లు బెరడును పట్టుకుంటాయి, లోపలికి దిగవు. బొమ్మలో వేరు బెరడు పైనే పాకుతున్నట్టు కనిపించాలి. పూసిన రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, చీకటిపడ్డాక అరగంట చొప్పున కూర్చుని ఎవరు వస్తున్నారో రాసుకోవాలి. చీమ వస్తుంది, సాలెపురుగు వస్తుంది, తేనెటీగ వచ్చి వాలి పోతుంది. వచ్చిన ప్రతి పురుగూ పరాగ వాహకం కాదు. ఒంటి మీద పసుపు ముద్దలతో బయటికి వచ్చినదాన్నే బొమ్మలోకి తీసుకోవాలి. అప్పటిదాకా మొక్క భాగం పూర్తి చేసి, పురుగుకు చోటు ఖాళీగా ఉంచి, కింద ఊరు, తేదీ, చెట్టు పేరు, స్కేలు, చూసిన సమయాలు పెన్సిల్‌తో రాసి పెట్టుకోవచ్చు. వచ్చే ఏడాది అదే కొమ్మ మళ్లీ పూస్తుంది.